గ్యాస్ వాసన వస్తోందా? లీకు ఎక్కడుందో సబ్బు నీళ్లతో పట్టుకోవడం ఎలా

“పొద్దున్నే వంటింట్లోకి వెళ్లగానే కాస్త గ్యాస్ వాసన వస్తోంది. కాసేపటికి పోతోంది. మెకానిక్ వచ్చి చూసి ఏమీ లేదన్నాడు. మర్నాడు మళ్లీ అదే వాసన. ఏం చెయ్యమంటారు?” నెలకి ఇద్దరు ముగ్గురైనా నన్ను ఇదే అడుగుతుంటారు. వాళ్లలో చాలామంది అప్పటికే పైపు మార్పించి ఉంటారు. కొందరు రెగ్యులేటర్ కూడా మార్పించి ఉంటారు. గ్యాస్ అసలు ఎక్కణ్ణుంచి కారుతోందో మాత్రం ఎవరూ చూసి ఉండరు.

లీకు ఉందని ముక్కు చెబుతుంది, ఎక్కడుందో చెప్పలేదు. అది చెప్పేది సబ్బు నీళ్లు. అరగంట పని, ఖర్చు లేదనే చెప్పాలి.

ఇది 14.2 కిలోల బండ, రెగ్యులేటర్, రబ్బరు పైపు, రెండు మూడు బర్నర్ల స్టవ్వు ఉన్న మామూలు వంటింటి కోసం. పైపుల ద్వారా గ్యాస్ వచ్చే ఇళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఇది చదవండి: వాసన గుప్పుమంటే వెతకొద్దు

సబ్బు నీళ్ల పరీక్ష అప్పుడప్పుడూ కాస్త వాసన తగిలే ఇళ్లకే. తలుపు తీయగానే ముక్కు పగిలేలా వాసన కొట్టినా, బండ దగ్గర బుస్సుమని శబ్దం వస్తున్నా అది పరీక్షలు చేసే సమయం కాదు. అప్పుడు చెయ్యాల్సింది ఇదీ:

1. స్టవ్వు నాబులు, రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యండి. క్షణంలో అందేటట్టుంటేనే. లేకపోతే వదిలేసి బయటికి నడవండి.

2. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. వెయ్యకూడదని అందరికీ తెలుసు, ఆపడం కూడా ప్రమాదమేనని చాలామందికి తెలియదు. స్విచ్చు వేసినా ఆపినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. తిరుగుతున్న ఫ్యాను తిరగనివ్వండి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే గ్యాస్ పోతుందనుకుని దాని స్విచ్చు వైపు చెయ్యి చాచేవాళ్లున్నారు. ఆ పని అస్సలు వద్దు.

3. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి, దోమల చుట్ట వెలుగుతుంటే ఆర్పేయండి.

4. తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది. అందుకని పైనున్న కిటికీ ఒక్కటీ తెరిస్తే చాలదు, గుమ్మం తలుపు తెరవాలి.

5. ఇంట్లోవాళ్లందరినీ బయటికి పంపండి. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు వద్దు, మెట్ల మీదుగా దిగండి. పక్కవాళ్లని పిలవాలంటే తలుపు తట్టండి, కాలింగ్ బెల్ నొక్కొద్దు. కరెంటు మీటరు ఇంటి బయటో సెల్లార్‌లోనో ఉంటే, వాసన లేని చోట నిలబడి అక్కడే మెయిన్ ఆపేయొచ్చు. ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవడం అలా ఆగుతుంది.

6. బయటికి వచ్చాకే ఫోన్ తియ్యండి. 1906 గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, ఇండేన్, భారత్ గ్యాస్, హెచ్‌పీ మూడింటికీ అదే. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మంట కనిపిస్తే 101.

రెగ్యులేటర్ ఆపినా బండ మూతి నుంచి గ్యాస్ వస్తూనే ఉంటే, కొత్త బండతో వచ్చే తెల్ల ప్లాస్టిక్ మూత పనికొస్తుంది. రెగ్యులేటర్ ఊడదీసి ఆ మూతను టక్కుమనే దాకా నొక్కితే లీకు ఆగుతుంది. చాలా ఇళ్లలో అది బండ వచ్చిన రోజే చెత్తబుట్టలో పడుతుంది. దాని దారంతోనే బండ చెవికి కట్టి ఉంచండి.

పరీక్షకి కావలసినవి

ఒక గ్లాసు నీళ్లు, అందులో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్. అది లేకపోతే షాంపూ, సబ్బు పొడి, చివరికి కుంకుడుకాయ రసం అయినా సరే. నురగ వచ్చేలా గిలక్కొట్టొద్దు, నెమ్మదిగా కలపండి. ముందే నురగ ఉంటే లీకు బుడగ ఏదో తెలియదు.

పిల్లలు బొమ్మలకి రంగులేసే బ్రష్షు లేదా పాత షేవింగ్ బ్రష్షు. ఒక పొడి గుడ్డ. టార్చి, దాన్ని వంటింటి బయటే వెలిగించి తీసుకురండి. గుర్తు పెట్టడానికి సుద్దముక్క. కిందివైపు చూడటానికి చేతి అద్దం ఉంటే చాలా సుఖం, ఎందుకంటే పైపు పగుళ్లు ఎప్పుడూ మన కంటికి కనపడని వైపే ఉంటాయి.

పరీక్ష చేసే విధానం

1. పగటిపూట చెయ్యండి. కిటికీలు తెరిచి, స్టవ్వు పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ఇంట్లో ఎక్కడా దీపం, అగరుబత్తి లేకుండా చూసుకోండి.

2. ముందు నీళ్లు ముట్టకుండా కళ్లతో, వేళ్లతో చూడండి. పైపుని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ల మధ్య పట్టుకుని తిప్పుతూ రండి. పగుళ్లు, జిగట, ఉబ్బు, ఎలుక పళ్ల గాట్లు వెతకండి. గట్టుకి వేసిన బెజ్జంలోంచి పైపు పోతుంటే, ఆ బెజ్జం అంచు దగ్గర ఒరుసుకున్న చోటు తప్పకుండా చూడండి. పైపు మీద గుడ్డో ప్లాస్టిక్ తొడుగో ఉంటే తీసి పారేయండి. అందం కోసం తొడిగేది అదే, పగులు దాచేదీ అదే.

3. రెగ్యులేటర్ ఆఫ్ చేసి బండ నుంచి ఊడదీయండి. టార్చి వేసి మూతిలోకి చూడండి. లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉండాలి. అది లేకపోయినా, తెగినా, ఒక పక్కకి జరిగినా లీకు దొరికినట్టే. తర్వాత మూతిలో నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి నిమిషం చూడండి. బుడగలు పైకి లేస్తుంటే బండ వాల్వే కారుతోంది. డెలివరీ అబ్బాయి వాల్వులో నీళ్లు పోసి చూపించేది ఇందుకే. చూశాక గుడ్డతో బాగా తుడవండి. మధ్యనున్న పిన్నుని పుల్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవొద్దు. అది నొక్కితే గ్యాస్ ఎగదన్నుకొస్తుంది.

4. రెగ్యులేటర్ మళ్లీ బిగించండి. స్టవ్వు నాబులన్నీ ఆఫ్‌లో ఉంచి రెగ్యులేటర్ ఆన్ చెయ్యండి. పరీక్షకి ప్రాణం ఈ మెట్టే. భయంతో చాలామంది రెగ్యులేటర్ ఆపేసి సబ్బు నీళ్లు రాస్తారు. అప్పుడు పైపులో ఒత్తిడే ఉండదు, లీకు ఉన్నా బుడగ రాదు, “ఏమీ లేదు” అని తేలుతుంది. మెకానిక్‌లు కూడా ఈ పొరపాటు చెయ్యడం నేను చూశాను.

5. ఇప్పుడు వరుసగా బ్రష్షుతో రాయండి. బండ మూతికీ రెగ్యులేటర్‌కీ మధ్య చుట్టూ. రెగ్యులేటర్ పైన సన్నని రంధ్రం ఉంటుంది, దాని మీద ఒక్క పూత. రెగ్యులేటర్ ముక్కుకి పైపు ఎక్కిన చోట. పైపు వంగిన ప్రతిచోటా. స్టవ్వుకి పైపు ఎక్కిన చోట. తొందరపడి ఒకేసారి అంతా తడిపేయొద్దు, ఒక చోటు పూర్తిగా చూశాక ఇంకో చోటు.

6. ప్రతిచోటా నిండు నిమిషం ఆగండి. పెద్ద లీకు వెంటనే బుడగలు ఊదుతుంది. ఇళ్లలో నెలల తరబడి ఏడిపించేది చిన్న లీకు, అది చీమగుడ్లంత తెల్లటి నురగని నెమ్మదిగా పోగుచేస్తుంది. అనుమానం వస్తే తుడిచి మళ్లీ రాయండి. బ్రష్షు వల్ల వచ్చిన బుడగ రెండోసారి అక్కడే రాదు. లీకు బుడగ అదే చోట మళ్లీ వస్తుంది.

7. ఇక స్టవ్వు. నాబులు లాగితే ఊడి వస్తాయి. వాటి వెనకున్న కడ్డీ చుట్టూ రాయండి. స్టవ్వు కింద అడ్డంగా పోయే గొట్టానికి ఉన్న అతుకుల దగ్గర రాయండి. బర్నర్ తీసి, గ్యాస్ చిమ్మే జెట్టు మీద ఒక చుక్క వెయ్యండి. నాబు ఆఫ్‌లో ఉండగా అక్కడ బుడగ లేచిందంటే ఆ నాబు పూర్తిగా మూసుకోవడం లేదు.

8. దొరికిన చోట సుద్దతో గుర్తు పెట్టి, రెగ్యులేటర్ ఆపి, అంతా పొడి గుడ్డతో తుడవండి. ఒకటి దొరకగానే ఆపేయొద్దు, చివరిదాకా చూడండి. పాత స్టవ్వుల్లో ఒకదాని వెనక ఇంకొకటి ఉండటం మామూలే.

ఏడో మెట్టు ఎందుకింత పట్టుబట్టి రాశానంటే, మా పెద్దమ్మ గారింట్లో మూడు నెలలు వాసన వచ్చింది. రెండు పైపులు మారాయి, ఒక రెగ్యులేటర్ మారింది, వాస్తు బాగాలేదేమోనని బండ స్థానం కూడా మారింది. చివరికి చూస్తే చిన్న బర్నర్ నాబు కడ్డీ దగ్గర గ్రీజు ఎండిపోయి ఉంది. ఆ బర్నర్ ఆవిడ కాఫీకి తప్ప వాడేదే కాదు.

బుడగ ఎక్కడొస్తే ఏం చెయ్యాలి

బండ మూతిలో వస్తే తెల్ల మూత నొక్కేసి, బండని ఆరుబయట నిలువుగా పెట్టి, ఏజెన్సీకి ఫోన్ చెయ్యండి. బండ మార్చడం వాళ్ల పని. పడుకోబెట్టొద్దు, పడుకుంటే ఆవిరికి బదులు ద్రవమే బయటికొస్తుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది.

మూతికీ రెగ్యులేటర్‌కీ మధ్య వస్తే ఎక్కువగా వాషర్ దోషమే. రెగ్యులేటర్ ఊడదీసి, నిటారుగా మళ్లీ పెట్టి చూడండి. కొన్నిసార్లు ఒరిగి కూర్చోవడం వల్ల కూడా కారుతుంది. అయినా వస్తుంటే ఏజెన్సీ మనిషిని పిలిచి వాషర్ వేయించండి. సైకిల్ షాపు వాషర్లు, దారం చుట్టడాలు పనికిరావు.

రెగ్యులేటర్ మీది రంధ్రంలోంచి ఆగకుండా వస్తుంటే లోపలి పొర చిరిగినట్టు. దానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే. రంధ్రానికి ఎం-సీల్ పెట్టి మూసినవాళ్లని చూశాను. రెగ్యులేటర్ ఊపిరి తీసుకునే దారి అది, మూస్తే ఒత్తిడి అదుపు తప్పుతుంది.

పైపు చివర వస్తే, రెగ్యులేటర్ ఆపి పైపు ఊడదీసి, నాజిల్ మీద పూర్తిగా లోపలికి ఎక్కేదాకా నెట్టండి. ఎక్కకపోతే చివరని వేణ్ణీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడుతుంది. మంట మీద వెచ్చబెట్టొద్దు. పైపు ఒంటి మీద ఎక్కడైనా బుడగ వస్తే టేపు చుట్టడం గురించి ఆలోచించనే వద్దు, కొత్తది కొనండి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న నారింజరంగు సురక్షా పైపు తీసుకోండి. మీటరున్నర కంటే పొడవు వద్దు, మధ్యలో అతుకు అసలే వద్దు. దాని వయసు ఐదేళ్లు, పైపు మీదే ముద్ర వేసి ఉంటుంది. ఎలుకలున్న ఇంట్లో ఐదేళ్ల లెక్క పెట్టుకోవద్దు, నెలకోసారి తడిమి చూడండి.

స్టవ్వు నాబు దగ్గరైతే మెకానిక్ చేత విప్పించి గ్రీజు పెట్టించాలి, అరిగితే వాల్వు మార్పించాలి. వంటనూనె వేసి సరిచేశామనే వాళ్లున్నారు. నూనె రెండు రోజులు పట్టి ఉంచుతుంది, తర్వాత వేడికి గడ్డకట్టి ఇంకా పాడవుతుంది.

ఎక్కడా బుడగ రాకపోతే?

అప్పుడు కింది మూడింటిలో ఏదో చూసుకోండి.

పాలు పొంగి మంట ఆరిపోయి, నాబు మాత్రం తెరిచే ఉండిపోవడం ఒకటి. సిమ్‌లో పెట్టిన మంట కిటికీ గాలికి ఆరిపోవడం కూడా అంతే. ఇది లీకు కాదు, ఇళ్లలో తరచూ జరిగేది మాత్రం ఇదే.

రెండోది బండ అయిపోవచ్చినప్పటి వాసన. వంటగ్యాస్‌కి సొంతంగా వాసన లేదు, ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. అది గ్యాస్ కంటే నిదానంగా ఆవిరవుతుంది కాబట్టి అడుగున మిగిలిన ద్రవంలో దాని పాలు పెరుగుతుంది. చివరి రెండు మూడు రోజులు స్టవ్వు వెలిగించే క్షణంలో వాసన ఘాటుగా తగలడం అందుకే. కొత్త బండ పెట్టాక కూడా ఉంటే పరీక్ష మళ్లీ చెయ్యండి.

మూడోది గ్యాసే కాని వాసన. సింక్ గొట్టం, గట్టు కింద కుళ్లిన ఉల్లిపాయ కూడా అచ్చం అలాగే కొడతాయి. నవ్వొద్దు, ఒకింట్లో నేను గంటసేపు వెతికి కనిపెట్టింది ఉల్లిపాయనే.

ఈ వాసన కలపడం వెనక ఒక విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్‌లో, న్యూ లండన్ అనే ఊరి బడి కింద వాసన లేని సహజవాయువు పోగై పేలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాస్‌కి వాసన కలపాలని అక్కడ చట్టం వచ్చింది ఆ తర్వాతే.

తరచూ జరిగే పొరపాట్లు

అగ్గిపుల్ల గీసి పైపు వెంట తిప్పడం. ఇప్పటికీ చేస్తున్నారు. “మా నాన్నగారు ఎప్పుడూ అలాగే చూసేవారు” అంటారు. గాలిలో రెండు శాతం గ్యాస్ చేరితే చాలు అంటుకోవడానికి.

వాసన పోయింది కాబట్టి లీకు పోయిందనుకోవడం. అదే గదిలో కాసేపుంటే ముక్కు అలవాటు పడిపోతుంది. జలుబు ఉన్నవాళ్లకీ, పెద్ద వయసు వాళ్లకీ ముందే తక్కువ తెలుస్తుంది. అందుకని అప్పుడే బయటి నుంచి వచ్చినవాళ్లని వాసన చూడమనండి. నిలబడి కాదు, వంగి, బండ అడుగు దగ్గర.

బండని గట్టు కింద చెక్క తలుపుల అరలో బిగించడం. చూడటానికి బాగుంటుంది. కారిన గ్యాస్ అంతా ఆ అరలోనే నిలబడుతుంది, తలుపు తీసినప్పుడే తెలుస్తుంది. తలుపు అడుగున నేలకి దగ్గరగా గాలి పోయే రంధ్రాలు పెట్టించండి. పైన పెట్టిస్తే ప్రయోజనం లేదు.

పసుపు మంటని లీకు అనుకోవడం. పసుపు మంట అంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని, గాలి సరిగా కలవడం లేదని. గిన్నెలు నల్లబడతాయి, బండ త్వరగా అయిపోతుంది. అది బర్నర్ శుభ్రం చేస్తే పోయే సమస్య.

బాగైందని ఎలా తెలుసుకోవాలి

మెకానిక్ వెళ్లకముందే, అతని ఎదుటే, రెగ్యులేటర్ ఆన్ చేయించి, నాబులు ఆఫ్ చేయించి అదే చోట సబ్బు నీళ్లు రాయండి. మొహమాటపడొద్దు. పని చేసిన చోటే కాదు, దాని అటూ ఇటూ ఉన్న అతుకులు కూడా. ఒక చోట బిగిస్తూ ఇంకో చోట కదిలించడం జరుగుతుంది.

ఆ రాత్రి నుంచి ఇలా గమనించండి. పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపండి. పొద్దున్నే ఏ స్విచ్చూ వెయ్యకముందు వంగి వాసన చూడండి. రెగ్యులేటర్ ఆపి ఉన్నా వాసన ఉంటే దోషం బండ వాల్వులో ఉంది. రాత్రి లేకుండా, పగలు వంట మధ్యలో మాత్రమే వస్తుంటే దోషం రెగ్యులేటర్ నుంచి స్టవ్వు దాకా ఎక్కడో ఉంది. మూడు రోజులు ఏమీ రాకపోతే నిశ్చింతగా ఉండొచ్చు.

డిటెక్టర్ కొనాలా?

ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే, ఇంట్లో వాసన తెలియనివాళ్లుంటే, కొనండి. బండ గ్యాస్‌కి డిటెక్టర్‌ని నేలకి అడుగు ఎత్తులోపు బిగించాలి. షాపువాళ్లు కంటికి ఎదురుగా ఉంటే బాగుంటుందని స్విచ్ బోర్డు పక్కన పెట్టేస్తుంటారు, అక్కడ అది ఆలస్యంగా మోగుతుంది. శానిటైజర్, సెంటు స్ప్రే, దోమల మందు కొట్టినా ఇది అరుస్తుంది. అలా అరిచిందని ప్లగ్గు పీకేసే ఇళ్లే ఎక్కువ. నెలకోసారి సిగరెట్ లైటర్‌ని వెలిగించకుండా దాని గ్యాస్ మాత్రం కాస్త చూపించి, మోగుతోందో లేదో చూడండి. డిటెక్టర్ ఉన్నా సబ్బు నీళ్లు తప్పవు, ఎక్కడో అది కూడా చెప్పదు.

పైపుల గ్యాస్ ఉన్న ఇళ్లలో

హైదరాబాద్‌లో భాగ్యనగర్ గ్యాస్ లాంటి సంస్థలు పైపుల్లో ఇచ్చేది సహజవాయువు, అంటే ఎక్కువపాలు మీథేన్. గాలికన్నా తేలిక, పైకి పోతుంది. కాబట్టి డిటెక్టర్ పైకప్పు దగ్గర ఉండాలి, వాసన కోసం వంగక్కర్లేదు, పై కిటికీలు తెరవాలి. బండ గ్యాస్ డిటెక్టర్‌ని పాత ఎత్తులోనే వదిలేసి కనెక్షన్ మార్చుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

మీకు ఇంకో సదుపాయం ఉంది, మీటరు. స్టవ్వు, గీజరు అన్నీ ఆపి, మీటరు అంకె ఫోన్‌లో ఫోటో తీసుకోండి. గంట తర్వాత మళ్లీ చూడండి. చివరి అంకె కదిలిందంటే మీటరు తర్వాత ఎక్కడో కారుతోంది. కదలకపోయినా సన్నని లీకు మీటరుకి అందకపోవచ్చు, కాబట్టి పైపు చివర్ల దగ్గర సబ్బు నీళ్లు రాయండి. మీటరుకి ముందున్న గొట్టాలు, వాల్వులు మాత్రం మీరు ముట్టుకోవద్దు, సంస్థ వాళ్లనే పిలవండి.

కొత్త బండ దింపినప్పుడు

డెలివరీ అబ్బాయి వెళ్లకముందు మూడు చూడండి. సీలు చెక్కుచెదరకుండా ఉందా. మూత తీయించి, వాల్వులో నీళ్లు పోయించి, బుడగ లేదని మీ కళ్లతో చూశారా. బండ పై పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. డి 27 అని ఉంటే 2027 చివరి మూడు నెలల్లో ఆ బండకి మళ్లీ పరీక్ష జరగాలని. ఆ తేదీ దాటితే బండ పేలిపోతుందని కాదు, పరీక్ష బాకీ ఉందని. బాకీ ఉన్న బండ వస్తే తిప్పి పంపండి, ఇంకోటి ఇవ్వమనే హక్కు మీకుంది. వెళ్లేముందు ఖాళీ బండకి మీరు దాచిన ఆ తెల్ల మూత పెట్టి ఇవ్వండి, ఖాళీ బండలోనూ కాస్త గ్యాస్ మిగిలే ఉంటుంది.